జపాన్ రాజకీయం అర్థం కావాలంటే ఎగువ సభ లెక్క చూడాలి

2026 ఫిబ్రవరి 8న జపాన్‌లో దిగువ సభకు ఎన్నికలు జరిగాయి. 465 సీట్లలో 316 లిబరల్ డెమోక్రటిక్ పార్టీ ఒక్కదానికే వచ్చాయి, మన పేపర్లలో ఎల్డీపీ అని రాసేది ఈ పార్టీనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఒకే పార్టీకి మూడింట రెండొంతుల సీట్లు దక్కడం ఇదే మొదటిసారి. దామాషా (పార్టీకి వచ్చిన ఓట్ల వాటా ప్రకారం సీట్లు పంచే పద్ధతి) జాబితాలో పేర్లు చాలక, రావలసిన సీట్లలో కొన్నింటిని వేరే పార్టీలకు వదులుకోవాల్సి వచ్చిందంటే ఊపు ఎలా ఉందో ఊహించుకోండి. ఈ అంకె చూశాక ప్రధాని సనాయె తకాయిచికి ఇక అడ్డెవరు అనిపించడం సహజమే.

అడ్డు ఉంది. ఎగువ సభలో ఎల్డీపీకి, దాని మిత్రపక్షం ఇషిన్‌కి కలిపినా మెజారిటీ లేదు. 248 మంది ఉన్న సభలో 125 కావాలి, కొద్దిలో తక్కువ పడుతున్నారు. ఆ సభను రద్దు చేసే వీల్లేదు, దానికి తర్వాతి ఎన్నిక మళ్లీ 2028 వేసవిలోనే. గత ఇరవై ఏళ్లలో జపాన్‌లో లీటరు పెట్రోల్ ధర దగ్గర్నుంచి హిందూ మహాసముద్రంలో నౌకల దాకా ఎన్నో విషయాలు ఈ ఎగువ సభ లెక్క మీదే తేలాయి. టోక్యోలో ప్రధాని మారితే మనకు వార్త వస్తుంది, ఎగువ సభలో పది సీట్లు అటూ ఇటూ అయితే రాదు. నన్నడిగితే ఆ రెండో వార్తే ఎక్కువ చదవాలి.

ముందు రూల్స్ చెప్పుకుందాం. మన రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, జపాన్ ఎగువ సభకు మాత్రం ఓటర్లే నేరుగా ఓటేస్తారు. పదవీకాలం ఆరేళ్లు, మూడేళ్లకోసారి సగం సీట్లకు ఎన్నిక. దిగువ సభ గడువు నాలుగేళ్లు, కానీ ప్రధాని తనకు అనువైన సమయం చూసి రద్దు చేయిస్తుంటారు కాబట్టి నాలుగేళ్లూ నిండడం చాలా అరుదు. ప్రధాని ఎంపిక, బడ్జెట్, విదేశీ ఒప్పందాలు, ఈ మూడింట్లో రెండు సభలకూ కుదరకపోతే దిగువ సభ మాటే నెగ్గుతుంది. మామూలు బిల్లుల దగ్గరే మెలిక. ఎగువ సభ కాదంటే, లేదా 60 రోజుల పాటు ఏమీ తేల్చకుండా పక్కన పెట్టేస్తే, దిగువ సభ మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని మళ్లీ పాస్ చేయాలి. మనకున్నట్టు ఉభయ సభల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఓట్లు లెక్కపెట్టే ఏర్పాటు అక్కడ లేదు. బడ్జెట్ పాసైనా దానికి డబ్బు తెచ్చే పన్ను చట్టాలు, అప్పు తెచ్చుకునే చట్టం మామూలు బిల్లుల కిందికే వస్తాయి. అంటే ఖర్చు చేయడానికి అనుమతి ఉంటుంది, ఖజానాలోకి డబ్బు రాదు. 2011లో ప్రధాని నవోతో కాన్‌కి సరిగ్గా ఇదే ఎదురైంది, అప్పు బిల్లు పాస్ అయ్యాక దిగిపోతానని మాటిచ్చి, అలాగే దిగిపోయారు. ఇక బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ లాంటి నియామకాలకు రెండు సభలూ ఒప్పుకోవాలి, అక్కడ మూడింట రెండొంతులున్నా లాభం లేదు.

ఈ రూల్స్ నిజ జీవితంలో ఏం చేస్తాయో చూడాలంటే 2005కి వెళ్లాలి. అప్పటి ప్రధాని జునిచిరో కొయిజుమి తపాలా శాఖను ప్రైవేటుపరం చేసే బిల్లులు తెచ్చారు. దిగువ సభ గట్టెక్కించింది, ఎగువ సభ తిప్పికొట్టింది, తిప్పికొట్టినవాళ్లలో ఆయన సొంత పార్టీవాళ్లూ ఉన్నారు. రద్దు చేయడానికి వీల్లేని సభ మీద కోపంతో ఆయన దిగువ సభను రద్దు చేసి, తపాలా మీదే ఎన్నికలకు వెళ్లి, 480లో 296 సీట్లు గెలుచుకున్నారు. మిత్రపక్షమైన ‘కొమెయితో’ అనే పార్టీ సీట్లు కలిపితే మూడింట రెండొంతులు దాటింది. ఆ దెబ్బకు ఎగువ సభ కూడా దారికొచ్చి అవే బిల్లుల్ని పాస్ చేసింది. కొయిజుమి మరుసటి ఏడాది పదవి నుంచి తప్పుకున్నారు, ఆ మెజారిటీ మాత్రం వారసులకు మిగిలింది.

2007 జులైలో ఎగువ సభ ఎన్నిక. షింజో అబే మొదటిసారి ప్రధానిగా ఉన్న రోజులవి. దాదాపు 5 కోట్ల పెన్షన్ రికార్డులు ఎవరివో తేలకుండా పడి ఉన్నాయని బయటపడి జనం మండిపడుతున్నారు. ఎల్డీపీకి 37 సీట్లే వచ్చాయి, ప్రతిపక్ష డెమోక్రటిక్ పార్టీకి 60. పెన్షన్ల కోపంతో వేసిన ఓట్ల తొలి ప్రభావం ఎక్కడ పడిందో చూడండి: అఫ్గానిస్తాన్ యుద్ధంలో అమెరికాకు, దాని మిత్రదేశాలకు సాయంగా హిందూ మహాసముద్రంలో నౌకలకు ఇంధనం పోస్తున్న జపాన్ ఓడలు వెనక్కి వచ్చేశాయి. వాటికి అనుమతిచ్చే చట్టం గడువు 2007 నవంబర్ 1తో ముగిసింది, ప్రతిపక్షం చేతికి వెళ్లిన ఎగువ సభ పొడిగించడానికి ససేమిరా అంది. అప్పటికే అబే దిగిపోయి యసువో ఫుకుదా వచ్చారు. 2008 జనవరి 11న ఫుకుదా ప్రభుత్వం దిగువ సభలో మూడింట రెండొంతులతో కొత్త చట్టాన్ని బలవంతంగా గట్టెక్కించింది. అలా చేయడం 1951 తర్వాత అదే మొదటిసారి. ఆ మూడింట రెండొంతులు ఎక్కడివి? 2005లో తపాలా ఆఫీసుల మీద జనం ఇచ్చినవి. ఓటరు ఒక విషయం మీద ఇచ్చిన బలం రెండేళ్లు దాటాక, తనను అడగని మరో విషయం మీద, అదీ దేశం బయట, ఖర్చయింది. జపాన్ విదేశాంగ విధానం గురించి రాసేటప్పుడు చాలామంది అమెరికా, చైనా దగ్గర మొదలుపెడతారు, ఇలాంటి లోపలి లెక్కల్ని వదిలేస్తారు, అందుకే ఆ రాతలు సగమే అర్థమవుతాయి.

ఇదే సమయంలో పెట్రోల్ సంగతి కూడా వచ్చింది, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. 1974లో రోడ్ల కోసమని పెట్రోల్ మీద తాత్కాలికంగా అదనపు పన్ను వేశారు, అది పెరుగుతూ లీటరుకు 25.1 యెన్‌లకు చేరింది, గడువు వచ్చిన ప్రతిసారీ పొడిగించుకుంటూ పోయారు. 2008 మార్చి 31తో మరోసారి గడువు ముగుస్తుంటే ఎగువ సభ బిల్లును తేల్చలేదు. ఏప్రిల్ 1 నుంచి ధర తగ్గింది. బంకు యజమానులకు పెద్ద ఇబ్బంది, ఎందుకంటే ట్యాంకుల్లో ఉన్న సరుకు పాత పన్ను కట్టి కొన్నది, పక్క బంకువాడు తగ్గిస్తే తానూ తగ్గించక తప్పదు. సరిగ్గా నెల రోజులు గడిచాక ఏప్రిల్ 30న ప్రభుత్వం మళ్లీ మూడింట రెండొంతుల్ని వాడి పన్నును వెనక్కి తెచ్చింది. ధర పెరిగేలోపు ఫుల్ ట్యాంక్ కొట్టించుకోవాలని జనం బంకుల ముందు క్యూ కట్టారు. అదే ఏడాది మార్చిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ కుర్చీ కూడా కొన్ని వారాలు ఖాళీగా ఉంది, ప్రభుత్వం పంపిన పేర్లను ఎగువ సభ వరసగా కాదంది. ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం వైపు జారుతున్న ఏడాదిలో సంగతి ఇది.

ఆ పన్ను కథ ముగియడానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది, ముగిసిన తీరు చూస్తే ఎగువ సభ పాత్ర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024 అక్టోబర్‌లో షిగెరు ఇషిబా ప్రధాని అయిన ఎనిమిది రోజులకే దిగువ సభను రద్దు చేసి ఎన్నికలకు వెళ్లారు. పార్టీ ఫండ్ రైజింగ్ టికెట్ల డబ్బును లెక్కల్లో చూపకుండా వర్గాల నాయకులు, ఎంపీలు దాచుకున్న కుంభకోణం అప్పటికి ఏడాదిగా నలుగుతోంది. ఎల్డీపీకి 191, కొమెయితోకి 24, మొత్తం 215, మెజారిటీకి కావాల్సిన 233కి చాలా దూరం. 2025 జూన్‌లో ప్రతిపక్షాలన్నీ కలిసి పెట్రోల్ అదనపు పన్ను రద్దు బిల్లును దిగువ సభలో పాస్ చేయించాయి. ఎగువ సభలో మాత్రం అప్పటికింకా ఎల్డీపీ కూటమిదే మెజారిటీ, బిల్లు అక్కడే ఆగి సమావేశాలతో పాటే మురిగిపోయింది. నెల తిరిగేసరికి, జులై 20న, ఎగువ సభలోనూ కూటమి మెజారిటీ పోయింది. ఆ తర్వాత అధికార, ప్రతిపక్షాల్లోని ఆరు పార్టీలు కూర్చుని ఏడాది చివరికల్లా పన్ను తీసేస్తామని ఒప్పుకున్నాయి, నవంబర్‌లో చట్టం పాసైంది, 2025 డిసెంబర్ 31న ఆ పన్ను పోయింది. మధ్యలో ప్రధాని మారారు కదా, అది తకాయిచి ఘనత అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను, ఒప్పందం ఇషిబా ఉండగానే, ఎగువ సభ చేజారిన పది పన్నెండు రోజుల్లోపే కుదిరింది.

2024 అక్టోబర్ నుంచి ఏడాదికి పైగా నడిచిన మైనారిటీ ప్రభుత్వ కాలాన్ని చాలామంది అస్థిరత అని కొట్టిపారేశారు. నాకు మాత్రం జపాన్ పార్లమెంటు నిజంగా పని చేసిన కాలం అదే అనిపిస్తుంది. దిగువ సభ బడ్జెట్ కమిటీ చైర్మన్ పదవి మూడు దశాబ్దాల తర్వాత ప్రతిపక్షానికి వెళ్లింది. అంతకుముందు బడ్జెట్ అంటే ఎల్డీపీ లోపల తేలిపోయి సభకు వచ్చే కాగితం, ఇప్పుడు సభలోనే బేరం మొదలైంది. డెమోక్రటిక్ పార్టీ ఫర్ ది పీపుల్ అనే చిన్న పార్టీ, 28 సీట్లతో, ఒకే ఒక్క డిమాండ్ పట్టుకుంది: ఏడాదికి 10.3 లక్షల యెన్‌లు దాటగానే ఆదాయపు పన్ను మొదలయ్యే పరిమితిని పెంచాలి. ఈ గీత దాటకూడదని పార్ట్‌టైం పని చేసే ఆడవాళ్లు, స్టూడెంట్లు ఏడాది చివర్లో షిఫ్టులు తగ్గించుకునేవాళ్లు, డిసెంబర్‌లో షాపులకు మనుషులు దొరికేవాళ్లు కాదు. అది మొదట 16 లక్షలకు, తర్వాతి విడతలో 17.8 లక్షలకు పెంచడానికి ఒప్పుకున్నారు. అప్పటికింకా ప్రతిపక్షంలోనే ఉన్న ఇషిన్ వాళ్లు హైస్కూల్ ఫీజుల మాఫీని పెంచితేనే బడ్జెట్‌కు ఓటేస్తామని పట్టుబట్టి సాధించుకున్నారు.

ఆ బడ్జెట్‌లోదే ఇంకో ఘట్టం. ఖరీదైన వైద్యానికి రోగి తన జేబులోంచి నెలకు ఇంతకంటే కట్టనక్కర్లేదని ఒక పరిమితి ఉంటుంది, జపాన్ ఆరోగ్య బీమాలో అదే ప్రాణం లాంటిది. ప్రభుత్వం ఆ పరిమితిని పెంచబోయింది. ఏళ్ల తరబడి మందులు వాడే క్యాన్సర్ రోగులు, వాళ్ల సంఘాలు గొడవ పెట్టాయి. మెజారిటీ ఉన్న రోజుల్లో అయితే వినతిపత్రం తీసుకుని పంపేసేవారు. ఇషిబా మాత్రం 2025 మార్చి 7న వెనక్కి తగ్గి పెంపును ఆపేశారు, అప్పటికే దిగువ సభ దాటేసిన బడ్జెట్‌ను ఎగువ సభలో మార్చి మళ్లీ దిగువ సభకు పంపాల్సి వచ్చింది, ఇప్పటి రాజ్యాంగం వచ్చాక అలా జరగడం అదే తొలిసారి. పరిమితి పెరుగుతుందని చికిత్స మానేద్దామా అని లెక్కలు వేసుకున్న రోగి ఇంట్లో ఆ నిర్ణయం ఎంత టెన్షన్ తీర్చి ఉంటుందో ఆలోచించండి.

ఓటు వేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఫలితాల్లో దాని వాటా తక్కువేం కాదు. జపాన్ పార్లమెంటు ఎన్నికల్లో ఈవీఎంలు లేవు, గుర్తులూ లేవు. ఓటరు చిన్న బల్ల ముందు నిలబడి పెన్సిల్‌తో అభ్యర్థి పేరు తానే రాయాలి. అందుకే పోస్టర్ల మీద చాలామంది అభ్యర్థులు తమ పేరును కష్టమైన చైనీస్ అక్షరాల్లో కాకుండా చిన్నపిల్లలు కూడా చదవగలిగే హిరగానా లిపిలో పెద్దగా వేయించుకుంటారు, ప్రచార వ్యాన్‌లో మైకు పట్టుకుని రోజంతా పేరునే మళ్లీ మళ్లీ చెబుతారు. పార్టీకి వేసే రెండో ఓటుకు పార్టీ పేరు రాయాలి. 2024లో రెండు ప్రతిపక్ష పార్టీలు పేరును కుదించి రాసుకునే రూపాన్ని ఒకేలా నమోదు చేసుకున్నాయి, ఆ పేరు మాత్రమే రాసిన ఓట్లను రెండింటికీ వాటాల ప్రకారం పంచేశారు. 465లో 289 నియోజకవర్గాలు, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లే గెలుస్తారు, మిగతా 176 దామాషా. రెండింట్లోనూ పోటీ చేసే వీలుంది, నియోజకవర్గంలో ఓడినవాళ్లు దామాషా జాబితా మీదుగా సభలో కూర్చోవచ్చు. 2026లో ఎల్డీపీకి దామాషా ఓట్లలో సగం కూడా రాలేదు, అయినా సీట్లలో మూడింట రెండొంతులు దాటాయంటే కారణం ఆ 289 నియోజకవర్గాలే.

సీట్ల పంపకం గొడవ కూడా ఉంది, డీలిమిటేషన్ గురించి దక్షిణాదిలో ఇంత చర్చ నడుస్తున్నప్పుడు మనం దీన్ని గమనించాలి. 2024 ఎన్నికలకు ముందు జనాభా లెక్క ప్రకారం పది సీట్లు మార్చారు: టోక్యోకి ఐదు, చుట్టుపక్కల నగర ప్రాంతాలకు, ఐచికి మిగతావి పెరిగాయి, జనం ఖాళీ అవుతున్న పది ప్రిఫెక్చర్లకు (మన జిల్లాల లాంటివి) ఒక్కోటి తగ్గింది. అబే సొంత ప్రాంతం యమగుచి కూడా అందులో ఉంది. ఎగువ సభలో 2016 నుంచి తొత్తొరి, షిమనె ప్రిఫెక్చర్లను కలిపేసి ఒకే స్థానం చేశారు, అలాగే తొకుషిమా, కొచి. ఓటు విలువలో తేడా ఎక్కువైందని ప్రతి ఎన్నిక తర్వాతా లాయర్లు కోర్టుకు వెళతారు, అయినా ఎగువ సభలో ఇప్పటికీ ఒక ఓటరుకూ ఇంకో ఓటరుకూ మధ్య తేడా సుమారు మూడు రెట్లు.

2025 జులై నాటి ఎగువ సభ ఎన్నిక గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు సూటిగా తగిలింది అదే. అప్పుడు జనం మాట్లాడుకుంటున్నది బియ్యం ధర. ఏడాదిలో ధర రెట్టింపైంది, 5 కిలోల సంచి 4,000 యెన్‌లు దాటింది. అలాంటి సమయంలో వ్యవసాయ మంత్రి తాను బియ్యం కొననే కొనలేదని, అభిమానులు బోలెడు ఇస్తారని అని మే నెలలో పదవి పోగొట్టుకున్నారు. ఆయన స్థానంలో వచ్చిన షింజిరో కొయిజుమి ప్రభుత్వ గోదాముల్లోని నిల్వ బియ్యాన్ని 5 కిలోలు సుమారు 2,000 యెన్‌లకు దుకాణాల్లో పెట్టించారు. అది సరిపోలేదు. ఒక్కో సీటే ఉండే 32 ప్రిఫెక్చర్ స్థానాల్లో, అంటే ఎల్డీపీకి కంచుకోటల్లాంటి పల్లె ప్రాంతాల్లో, ఆ పార్టీ 14 మాత్రమే గెలిచింది. ఇషిబా కనీసం 50 సీట్లు అన్నారు, కూటమికి వచ్చినవి 47.

ఆ ఖాళీలోకి దూరింది ‘సన్సెయితో’ అనే పార్టీ. జపనీయులే ముందు అనే నినాదంతో ఒక్కసారిగా 14 సీట్లు తెచ్చుకుంది. విదేశీయులు అప్పటికి దేశంలో 37 లక్షలకు పైగా ఉన్నారు, అంటే జనాభాలో సుమారు 3 శాతం. పని చేసే వయసువాళ్లు తగ్గిపోతున్న దేశంలో ఫ్యాక్టరీలు, కన్వీనియన్స్ స్టోర్లు, వృద్ధాశ్రమాలు వీళ్ల మీద ఆధారపడి నడుస్తున్నాయి. అయినా ఓట్లు ఎటు కదులుతున్నాయో కనిపించగానే ప్రభుత్వం పోలింగ్‌కు ఐదు రోజుల ముందే, జులై 15న, విదేశీయుల వ్యవహారాలకు కేబినెట్ సచివాలయంలో ప్రత్యేక విభాగం పెట్టేసింది. గెలవకముందే విధానం మారిపోవడం అంటే ఇదే. అక్టోబర్ 16 నుంచి వ్యాపారం పెట్టుకునే విదేశీయులకిచ్చే బిజినెస్ మేనేజర్ వీసాకు కావాల్సిన పెట్టుబడి 50 లక్షల యెన్‌ల నుంచి 3 కోట్ల యెన్‌లకు పెరిగింది. జపాన్‌లో భారతీయులు 50 వేలు దాటారు, టోక్యోలో నిషికసాయి చుట్టుపక్కల ఉండేవాళ్లలో మన ఐటీవాళ్లు చాలామంది. కొన్నేళ్లు ఉద్యోగం చేసి చిన్న రెస్టారెంటో కిరాణా కొట్టో పెట్టుకుందామనుకునే కుటుంబానికి ఈ ఒక్క మార్పుతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఓటు హక్కు లేనివాళ్ల బతుకు ఇతరుల ఓట్లతో ఎంత తొందరగా మారిపోతుందో నాకు ఇక్కడే బాగా తెలిసొచ్చింది, దీని గురించి మన సంఘాలు ఇంకా గట్టిగా మాట్లాడాలి.

విదేశీ వ్యవహారాలకొస్తే, ఆ ఎన్నిక ముగిసిన రెండు రోజులకే వాషింగ్టన్‌లో ట్రంప్ జపాన్‌తో వాణిజ్య ఒప్పందం ప్రకటించారు. 25 శాతం సుంకం అన్నది 15కి దిగింది, బదులుగా 550 బిలియన్ డాలర్ల పెట్టుబడి మాట, అమెరికా బియ్యానికి దిగుమతి కోటాలో వాటా పెంపు. ప్రచారం నడుస్తుండగా బియ్యం మాట ఒప్పందంలోకి వచ్చి ఉంటే ఆ 32 స్థానాల్లో ఎల్డీపీకి ఇంకా నష్టం జరిగేది, తేదీల వరస అనుకోకుండా కుదిరిందంటే నమ్మడం కష్టం. ఆగస్టు 29న మోదీ టోక్యో వెళ్లారు, పదేళ్లలో భారత్‌లో 10 ట్రిలియన్ యెన్‌ల పెట్టుబడి లక్ష్యం ప్రకటించారు, ఇద్దరు ప్రధానులూ బుల్లెట్ ట్రైన్‌లో సెందాయి వెళ్లొచ్చారు. వారం తిరిగేసరికి, సెప్టెంబర్ 7న, ఇషిబా రాజీనామా ప్రకటించారు. అంత మాత్రాన ఆ ఒప్పందాలు పోలేదు. ఇండియాతో సంబంధాల మీద ఎల్డీపీకీ ప్రధాన ప్రతిపక్షాలకీ పెద్ద తేడాలు లేవు, అక్కడి ఎన్నికలు మన మీద ప్రభావం చూపేది ఎక్కువగా వీసాల్లోనే.

చైనాతో అలా కాదు. ఇక్కడ ఒక గొలుసు ఉంది. 2013 జులైలో, మళ్లీ ప్రధాని అయిన అబే ఎగువ సభ గెలుచుకుని, 2007 నుంచి మధ్యలో కొంతకాలం తప్ప నడిచిన చీలిక సభల రోజులకు ముగింపు పలికారు. ఆ బలంతోనే 2015 సెప్టెంబర్‌లో భద్రతా చట్టాలు పాస్ చేయించారు, పార్లమెంటు బయట వేలమంది నిరసనలు చేస్తున్నా. జపాన్ మనుగడకే ముప్పు తెచ్చే పరిస్థితి వస్తే, తన మీద దాడి జరగకపోయినా, మిత్రదేశానికి మద్దతుగా బలగాల్ని వాడవచ్చని ఆ చట్టం చెబుతుంది. పదేళ్లు ఆ మాట చట్టంలోనే ఉండిపోయింది, ఏ ప్రధానీ తైవాన్ పేరెత్తి దాన్ని అన్వయించలేదు. 2025 నవంబర్ 7న బడ్జెట్ కమిటీలో ప్రతిపక్ష సభ్యుడు కత్సుయా ఒకాదా గుచ్చి గుచ్చి అడిగితే తకాయిచి, తైవాన్ మీద యుద్ధ నౌకలతో బలప్రయోగం జరిగితే అది అలాంటి పరిస్థితి కావచ్చని చెప్పేశారు. చైనా తన పౌరుల్ని జపాన్ వెళ్లొద్దంది, జపాన్ చేపల దిగుమతిని మళ్లీ ఆపింది, జనవరిలో సైన్యానికి కూడా పనికొచ్చే సరుకుల ఎగుమతి మీద నిషేధం పెట్టింది.

ఈ మాట కొమెయితో పార్టీ కూటమిలో ఉండగా వచ్చేదా అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. సోకా గక్కాయి అనే బౌద్ధ సంస్థ అండ ఉన్న ఆ పార్టీ 1999 నుంచి ఎల్డీపీతో ఉంటూ భద్రతా విషయాల్లో బ్రేకు వేస్తూ వచ్చింది. ఒక్కో నియోజకవర్గంలో ఎల్డీపీ అభ్యర్థికి వేల ఓట్లు తెచ్చిపెట్టేది కాబట్టి దాని మాట వినక తప్పేది కాదు. తకాయిచి పార్టీ అధ్యక్షురాలైన వారానికే, 2025 అక్టోబర్ 10న, పార్టీ విరాళాల విషయంలో కుదరక కొమెయితో పార్టీ 26 ఏళ్ల పొత్తు తెంచుకుంది. ఆ స్థానంలోకి వచ్చిన ఇషిన్ రక్షణ విషయాల్లో ఎల్డీపీ కన్నా ముందుకు లాగే పార్టీ, ఆయుధాల ఎగుమతి మీద ఉన్న ఆంక్షలు తీసేయాలని పొత్తు ఒప్పందంలోనే రాయించుకుంది. రక్షణ ఖర్చును జీడీపీలో 2 శాతానికి చేర్చే లక్ష్యాన్ని రెండేళ్లు ముందుకు జరిపి అదే ఆర్థిక సంవత్సరంలో పూర్తి చేస్తామన్నారు. కొమెయితో పార్టీ ఆ తర్వాత ప్రధాన ప్రతిపక్షమైన రాజ్యాంగ ప్రజాస్వామ్య పార్టీతో కలిసి కొత్త మధ్యేవాద పార్టీ పెట్టింది, అది 2026 ఫిబ్రవరిలో 49 సీట్లకు పడిపోయింది. చైనా ఒత్తిడి తకాయిచిని బలహీనపరుస్తుందనుకున్నవాళ్ల అంచనా తప్పింది, ఆ ఒత్తిడి ఆమెకు ఓట్లు తెచ్చింది.

ఇప్పుడు 316 సీట్లతో ఆమె ఏం చేయగలరు, ఏం చేయలేరు? ఎగువ సభ కాదన్న బిల్లును దిగువ సభలో తన పార్టీ బలంతోనే మళ్లీ పాస్ చేయించుకోగలరు, ఫుకుదా చేసినట్టు. కానీ ప్రతి బిల్లుకూ 60 రోజులు ఎదురుచూడాల్సి వస్తే ఒక సమావేశంలో పట్టేవి కొన్నే, పైగా పదే పదే అలా చేస్తే జనానికి దౌర్జన్యంగా కనిపిస్తుంది. ఆహార పదార్థాల మీద వినియోగ పన్నును రెండేళ్లు తీసేసే విషయం పరిశీలిస్తామని ఎన్నికల్లో చెప్పారు, ఆ మాట వినగానే జనవరి 20న 40 ఏళ్ల ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ మొదటిసారి 4 శాతం దాటింది. అంటే ఆమెకు మార్కెట్ అనే ఇంకో అడ్డు కూడా ఉంది, దాన్ని ఏ మెజారిటీ దాటించదు. రాజ్యాంగంలో యుద్ధాన్ని త్యజించే 9వ అధికరణను మార్చడమన్నది అబే కాలం నుంచీ ఎల్డీపీలోని సంప్రదాయవాదుల కల. దానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు, ఆపైన రెఫరెండంలో మెజారిటీ కావాలి. 1947 నుంచి ఆ రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. 2016లో అబేకు రెండు సభల్లోనూ సవరణ కోరేవాళ్ల బలం సరిపోయింది, అయినా ఏ అధికరణ ఎలా మార్చాలో వాళ్లలో వాళ్లకే కుదరలేదు. ఇప్పుడు ఎగువ సభలో 166 మందిని కూడగట్టాలంటే తకాయిచి సన్సెయితోని, డెమోక్రటిక్ పార్టీ ఫర్ ది పీపుల్‌ని, ఇంకా కొందరిని అడగాలి. వాళ్లు ఊరికే ఇవ్వరు, ఒకరు విదేశీయుల మీద ఇంకా కఠినమైన రూల్స్ అడుగుతారు, మరొకరు పన్ను తగ్గింపులు.

కాబట్టి 2028 వేసవి దాకా టోక్యో నుంచి వచ్చే వార్తల్లో ఎగువ సభ కమిటీలు ఏ బిల్లును ఎన్ని రోజులు ఆపుతున్నాయి, ఆ చిన్న పార్టీలు మద్దతుకు బదులు ఏం అడుగుతున్నాయి అన్నవి వెతుక్కుని చదవండి. ముఖ్యంగా అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు. 2028లో ఎన్నిక జరిగేది 2022లో నెగ్గినవాళ్ల సీట్లకు, అబే హత్య జరిగిన రెండు రోజులకు జరిగిన ఆ ఎన్నికలో ఎల్డీపీ ఒక్కటే సగానికి పైగా గెలుచుకుంది, అంటే ఆ పార్టీ అక్కడ పెంచుకోవడం కన్నా కాపాడుకోవాల్సిందే ఎక్కువ.